మంచాన పడ్డవాళ్ళకి నీళ్ళు పోయడం: తడిగుడ్డా, కుర్చీనా, నవారు మంచమా?

పక్షవాతం వచ్చిన మా అత్తయ్యను ఆసుపత్రి నుంచి విజయనగరంలో మా ఇంటికి తెచ్చిన మూడో రోజు, బేసిన్‌లో గోరువెచ్చటి నీళ్ళు పెట్టుకుని ముఖం నుంచి పాదాల దాకా తుడిచాను. ఉతికిన నైటీ వేశాను, తల దువ్వి జడ వేశాను. గంటన్నర పట్టింది, నాకు నడుము పట్టేసింది. అంతా అయ్యాక ఆవిడ ముద్దమాటలతోనే అడిగింది: “తడిగుడ్డతో తుడిసీసి తానమంటావేటమ్మా? నీలు పోయవా?”

ఆ పూట నాకు ఒళ్ళు మండింది. తర్వాత ఆలోచిస్తే ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ కనబడలేదు. మనవైపు స్నానం చేయించడాన్ని నీళ్ళు పోయడం అనే అంటాం. పసిబిడ్డకి పోస్తాం, బాలింతకి పోస్తాం, పెద్దవాళ్ళకీ పోస్తాం. ఒళ్ళు తుడుచుకోవడం అంటే జ్వరం వచ్చినప్పుడు రెండు రోజుల సర్దుబాటు, అంతే. డెబ్భై ఏళ్ళు నూతి దగ్గర చెంబులకొద్దీ పోసుకున్న మనిషికి తడిగుడ్డ స్నానంలా ఎందుకనిపిస్తుంది? అలాగని ఆవిడ మాట పట్టుకుని ఆ రోజే నేనొక్కదాన్నే బాత్రూంకి నడిపించి ఉంటే అత్తాకోడళ్ళం ఇద్దరం కింద పడేవాళ్ళం.

ఈ మూడేళ్ళలో ఇంట్లో చేయగలిగిన పద్ధతులన్నీ చేసి చూశాను. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, డయాలసిస్ చేయించుకునే మా చిన్నాన్న దగ్గర ఉన్నప్పుడు మరికొన్ని చూశాను. నాకు అర్థమైంది ఒకటే: ఏదో ఒక పద్ధతి ఎంచుకుని దానికే కట్టుబడితే కష్టం. ఆ రోజు మనిషి ఎలా ఉన్నారు, పట్టుకోవడానికి ఇంట్లో ఎందరున్నారు అన్న రెండే చూసి, పొద్దున్నే తేల్చుకోవాలి.

ముందు కూర్చోబెట్టి చూడండి

జబ్బు పేరు బట్టి పద్ధతి ఎంచుకోకండి. పక్షవాతం వచ్చినా కుర్చీలో నిలకడగా కూర్చునేవాళ్ళున్నారు, ఒట్టి నీరసంతోనే తల నిలపలేనివాళ్ళూ ఉన్నారు. మంచం అంచున, పాదాలు నేలకి ఆనేలా కూర్చోబెట్టండి. పక్కనే మీరుండండి. పది నిమిషాలు తల నిలిపి, పక్కకి ఒరిగిపోకుండా, కళ్ళు తిరుగుతున్నాయనకుండా ఉండగలిగితే కుర్చీ మీద నీళ్ళు పోయొచ్చు. వీపుకి ఆనుడు ఉంటేనే కూర్చోగలిగితే వీపు, చేతులు ఉన్న కుర్చీ కావాలి, ఇద్దరు మనుషులు కావాలి. అసలు కూర్చోలేకపోతే మంచం మీదే తుడవాలి, లేదా కింద చెప్పబోయే నవారు మంచం పద్ధతి.

చాలాకాలం పడుకుని ఉన్నవాళ్ళని ఒక్కసారిగా లేపితే బీపీ పడిపోతుంది. అందుకే కూర్చోబెట్టాక రెండు మూడు నిమిషాలు ఆగండి, కబుర్లు చెప్పండి. ముఖం పాలిపోయినా, చెమట పట్టినా వెంటనే పడుకోబెట్టేయండి.

మంచం మీద తుడవడం

దీని గొప్పదనం ఏమిటంటే మనిషిని ఎక్కడికీ మోయక్కర్లేదు. పడిపోతారన్న టెన్షన్ లేదు. ఒక్కరే ఉన్నా చేయొచ్చు. తుంటి ఎముక విరిగినవాళ్ళకి, మూత్రం గొట్టమో ముక్కు గొట్టమో ఉన్నవాళ్ళకి, బాగా నీరసించినవాళ్ళకి ఇదే మంచిది. నష్టం రెండు చోట్ల: స్నానం చేసినట్టు అనిపించదు, చేసేవాళ్ళ నడుము విరుగుతుంది. మన మంచాలు తక్కువ ఎత్తువి. అద్దెకు దొరికే ఆసుపత్రి మంచం మన నడుము ఎత్తుకి వస్తుంది. దానికి పెట్టిన డబ్బు రోగి కోసం కాదు, మీ వెన్ను కోసం పెట్టారనుకోండి.

నేను చేసే తీరు చెప్తాను. గదిలో ఫ్యాన్ ఆపేసి, తలుపు వేసి, పక్క మీద రబ్బరు షీటు, దాని మీద పాత దుప్పటి పరుస్తాను. రెండు గిన్నెలు కావాలి, ఒకటి సబ్బు నీళ్ళకి, ఒకటి మంచి నీళ్ళకి. మా ఇంట్లో బుడితి ఇత్తడి బేసిన్ ఒకటుంది, పెళ్ళిసారెలో వచ్చింది, ఇన్నాళ్ళకి పనికొచ్చింది. తుడిచే గుడ్డలు మూడు: ముఖానికి ఒకటి, ఒంటికి ఒకటి, కింద భాగానికి ఒకటి. టర్కీ టవల్ ముసలి చర్మానికి గరుకు. మా మావయ్య గారి పాత పొందూరు పంచె చింపి చేసుకున్న గుడ్డల కన్నా మెత్తనివి నాకు ఏ షాపులోనూ దొరకలేదు.

మనిషి మీద దుప్పటి కప్పి ఉంచి, తుడిచే భాగం వరకే తీయండి. మొత్తం విప్పేస్తే చలి ఒకటి, సిగ్గు ఒకటి. ముఖం మొదట, సబ్బు లేకుండా. కళ్ళు ముక్కువైపు నుంచి చెవివైపుకి, ఒక్కో కంటికి గుడ్డలో వేరే మూల వాడాలి. తర్వాత చేతులు, చంకలు, ఛాతీ, పొట్ట, కాళ్ళు. రొమ్ముల కింద, పొట్ట మడతల్లో, తొడల మధ్య, కాలివేళ్ళ సందుల్లో తడి మిగలకుండా అద్దాలి, రుద్దకూడదు. మన తీరప్రాంతపు ఉక్కపోతకి ఈ మడతలే ముందు ఒరుసుకుపోయి ఎర్రబడతాయి. తర్వాత పక్కకి తిప్పి వీపు. అన్నిటికంటే చివర, నీళ్ళు మార్చి, కింద భాగం. ఆడవాళ్ళకి ముందు నుంచి వెనక్కే తుడవాలి, వెనక నుంచి ముందుకి వస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది.

పక్కకి తిప్పడానికి బలం కంటే ఉపాయం ఎక్కువ పనిచేస్తుంది. మీకు అవతల ఉన్న మోకాలిని మడవండి. ఒక చెయ్యి ఆ భుజం మీద, ఇంకో చెయ్యి ఆ తుంటి మీద వేసి మీవైపుకి లాక్కోండి. మనిషి దొర్లి వస్తారు. పక్షవాతం వచ్చిన చేతిని పట్టుకుని మాత్రం ఎప్పుడూ లాగకండి, భుజం కీలు జారిపోతుంది.

వీపు తిప్పిన ఆ రెండు నిమిషాలే మొత్తం స్నానంలో విలువైన సమయం. నడుము కింద తోక ఎముక దగ్గర, తుంటి ఎముకల మీద, మడమలు, చీలమండలు, మోచేతులు, భుజాల వెనక, తల వెనక ఎక్కడైనా ఎర్రబడిందా చూడండి. వేలితో నొక్కి వదిలితే మామూలు ఎరుపు ఒక్క క్షణం తెల్లబడి మళ్ళీ ఎర్రబడుతుంది. నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. మన చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు తేలిగ్గా కనబడదు. చుట్టుపక్కల కంటే నల్లగా కమిలినట్టున్నా, ముట్టుకుంటే వేడిగానో గట్టిగానో ఉన్నా అదే లెక్క. అక్కడ నూనె పెట్టి మర్దనా చేస్తే లోపలి కండ ఇంకా దెబ్బతింటుంది. పసుపు అద్దడం కూడా వద్దు. ఆ చోటు మీద బరువు పడకుండా తిప్పి పడుకోబెట్టి, ఊరి ఏఎన్ఎంకో డాక్టరుకో చూపించండి. మిగతా వేళల్లో కూడా రెండు గంటలకోసారి పక్క మార్చాలన్నది ఎలాగూ ఉంది.

మెడికల్ షాపుల్లో ఒళ్ళు తుడిచే తడి తువ్వాళ్ళు పాకెట్లలో దొరుకుతున్నాయి, తుడిచాక నీళ్ళతో కడగక్కర్లేదు. రోజూ వాడితే నెలకి వేలల్లోకి పోతుంది, కాబట్టి దాన్ని అసలు పద్ధతిగా పెట్టుకోవద్దు. కానీ ఒక పాకెట్ ఇంట్లో ఉండాలి. అర్ధరాత్రి పక్క పాడైనప్పుడు దాని విలువ తెలుస్తుంది. మన జిల్లాల్లో ఇంకో కారణం కూడా ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్ళలో రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేకపోతే మోటారు లేదు, ట్యాంకులో నీళ్ళు లేవు. తుపాను హెచ్చరిక రాగానే మేం బిందెలతో పాటు ఈ పాకెట్లు, డైపర్లు తెచ్చిపెట్టుకుంటాం. సెంటు వాసన ఎక్కువగా ఉన్నవి మాత్రం కొనకండి, చర్మం మండుతుంది.

నవారు మంచం మీద నీళ్ళు పోయడం

ఇది ఏ నర్సింగ్ క్లాసులో చెప్తారో నాకు తెలీదు గానీ మన పల్లెల్లో పాతకాలం నుంచీ ఉన్నదే. పెరట్లోనో వసారాలోనో నవారు మంచం వేసి, మనిషిని దాని మీదకి చేర్చి, చెంబుతో నీళ్ళు పోస్తారు. నీళ్ళు నవారు సందుల్లోంచి కిందకి దిగి కొబ్బరి మొదలుకి పోతాయి. కూర్చోలేని మనిషికి కూడా నిజంగా నీళ్ళు పోసినట్టుంటుంది, తలస్నానం కూడా తేలిగ్గా అయిపోతుంది. మా అత్తయ్య గొడవ తీరింది ఇక్కడే.

అయితే కొన్ని చూసుకోవాలి. నులక మంచం వద్దు. తాడు గరుకుకి ముసలి చర్మం గీసుకుపోతుంది. నవారులోనూ బాగా ఉయ్యాలైపోయిన పాత మంచం వద్దు, బిగించి నేసినదే కావాలి. మంచం నుంచి మంచానికి మార్చడంలోనే అసలు ప్రమాదం. రెండు మంచాలూ ఆనించి వేసి, మనిషి కింద ఉన్న దుప్పటిని నాలుగు మూలలా పట్టుకుని ముగ్గురు నలుగురు ఒకేసారి ఎత్తి జరపాలి. ఈడిస్తే వీపు చర్మం ఒలిచినట్టవుతుంది. తుంటి, వెన్నెముక విరిగినవాళ్ళకీ, ఒంటి మీద పుండు పడినవాళ్ళకీ ఈ పద్ధతి అసలు వద్దు.

అంటే ఇది రోజూ అయ్యే పని కాదు. ఇంట్లో మనుషులుండే ఆదివారం పూట, పది పదకొండు గంటలకి ఎండ వచ్చాక చేసేది. చుట్టూ చీరలు కట్టి మరుగు చేయండి. మరుగు లేకపోతే ఆ మనిషికి నీళ్ళ సుఖం కంటే అవమానమే మిగులుతుంది. డిసెంబరు, జనవరి మంచులో పొద్దున్నే ఇది మొదలెట్టకండి.

కుర్చీ: ఇక్కడే ఎక్కువ డబ్బు, ఎక్కువ పొరపాట్లు

కూర్చోగల మనిషికి కుర్చీని మించినది లేదు. మనిషి తన చేత్తో తను చెంబు పట్టుకుంటారు, సబ్బు రాసుకుంటారు. సగం పని వాళ్ళే చేసుకుంటారు, సగం జబ్బు అక్కడే మర్చిపోతారు.

మొదట అందరం చేసేది ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి బాత్రూంలో వేయడం. తడి టైల్స్ మీద దాని కాళ్ళు పక్కలకి జారిపోతాయి. పాతబడితే ఉన్నట్టుండి విరుగుతుంది. నీళ్ళు పోవాలని సీటుకి కన్నాలు కొడితే ఇంకా బలహీనమవుతుంది. తనంతట తను లేచి నిలబడగలిగి, కాసేపు ఆసరాకి మాత్రమే కూర్చునేవాళ్ళకైతే సరే. మిగతావాళ్ళకి వద్దు.

కొనేదాంట్లో రెండు రకాలు. చక్రాలు లేకుండా నాలుగు కాళ్ళకీ రబ్బరు బుడిపెలుండి, ఎత్తు పెంచుకుని తగ్గించుకునే స్నానాల కుర్చీ ఒకటి. నాలుగడుగులు వేసి బాత్రూం దాకా రాగలవాళ్ళకి ఇది చాలు, స్థిరంగా ఉంటుంది. రెండోది సీటు మధ్యలో ఖాళీ ఉన్న చక్రాల కమోడ్ కుర్చీ. మంచం పక్కన కూర్చోబెట్టి అలాగే బాత్రూంలోకి తోసుకుపోవచ్చు. సీటు ఖాళీలోంచి కింద భాగం కడగడం తేలిక, దొడ్డికి కూడా అదే పనికొస్తుంది. నడవలేని మనిషి ఇంట్లో ఉంటే నా ఓటు దీనికే. చక్రాలకి బ్రేకులు, ఎత్తడానికి వీలయ్యే చేతులు, పాదాలు పెట్టుకునే పలక ఉన్నాయో లేదో షాపులోనే చూడండి. రంగు వేసిన ఇనుము మన ఉప్పుగాలికి, రోజూ నీళ్ళకి తుప్పు పట్టేస్తుంది. అల్యూమినియమో స్టీలో తీసుకోండి. మామూలు వీల్‌చెయిర్ స్నానానికి పనికిరాదు.

ఇక నా తెలివితక్కువతనం కూడా చెప్పేస్తాను. కుర్చీ కొని ఆటోలో వేసుకొచ్చి బాత్రూం దాకా తోసుకెళ్తే తలుపు దగ్గర ఆగిపోయింది. కుర్చీ 24 అంగుళాలు, తలుపు 22. బిల్లు పట్టుకుని వెళ్తే వెనక్కి తీసుకునేది లేదన్నారు షాపువాళ్ళు. చివరికి వెనక వసారాలో తూము పక్కన పరదా కట్టి అదే బాత్రూం చేశాం. పాత ఇళ్ళలో, ముఖ్యంగా పెరట్లో కట్టిన బాత్రూంల తలుపులు చాలా సన్నగా ఉంటాయి. టేపు పెట్టి తలుపు కొలిచి, గడప ఎత్తు చూసి, లోపల కుర్చీ తిరిగే చోటుందా చూసి, అప్పుడే షాపుకి వెళ్ళండి. గడప ఉంటే చెక్కతో వాలు చేయించుకోవచ్చు, తలుపు సన్నగా ఉంటే చేసేదేం లేదు.

తలుపు లోపలికి తెరుచుకునేదైతే, మనిషి పడ్డప్పుడు ఆ తలుపుకే అడ్డం పడతారు, బయట ఉన్నవాళ్ళు తెరవలేరు. బయటికి తెరుచుకునేలా మార్పించండి, లేదా తీసేసి పరదా కట్టండి. గడియ వేయనివ్వకండి. గోడకి పట్టుకునే కడ్డీ బోల్టులతో బిగించినది కావాలి. టవల్ కడ్డీ, కుళాయి మనిషి బరువుకి ఊడొచ్చేస్తాయి. గోడకి గాలితో అతుక్కునే రకం కడ్డీలూ నమ్మకండి. నేల మీద పాకుడు వారానికోసారి గీకాల్సిందే.

కుర్చీలోకి మార్చేటప్పుడు బ్రేకులు వేసి, కుర్చీని మనిషి బలమైన పక్కన పెట్టండి. చంకల కింద చేతులేసి ఎత్తొద్దు, నడుముకి వెడల్పాటి బెల్టు కట్టి దాన్ని పట్టుకోండి. మీ మోకాళ్ళు వంచండి, నడుము వంచకండి. నీళ్ళు మొదట పాదాల మీద పోయండి. మన పెద్దవాళ్ళు ఎలాగూ అలాగే పోసుకుంటారు, ఒంటికి వేడి అలవాటవుతుంది. తల మీద ఒక్కసారి కుమ్మరించకండి. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళు దానికి బెదిరిపోయి, మర్నాటి నుంచి బాత్రూం అంటేనే కేకలు పెడతారు.

చెంబా, హ్యాండ్ షవరా అని అడుగుతారు చాలామంది. మడతలు, కింద భాగం కడగడానికి హ్యాండ్ షవర్ బాగుంటుంది. ఒంటికి మాత్రం చెంబే నాకిష్టం, వాళ్ళకీ అలవాటే. బుస్సుమనే చప్పుడుకి భయపడేవాళ్ళకైతే రెండో ఆలోచన అక్కర్లేదు.

నీళ్ళు, సబ్బు, నూనె

బకెట్లో చన్నీళ్ళు ముందు, వేణ్ణీళ్ళు తర్వాత కలపాలి. వేడి మోచేత్తో చూడండి, అరచేతికి వేడి సరిగా తెలీదు. గోరువెచ్చగా, 38 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంటే చాలు. పక్షవాతం వచ్చిన పక్కకి, షుగరున్నవాళ్ళ పాదాలకి స్పర్శ తగ్గిపోయి ఉంటుంది, కాలినా చెప్పలేరు. హీటర్ రాడ్ వాడితే స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, రాడ్ బయట పెట్టాకే బకెట్ ముట్టుకోండి. రాడ్ ఉన్న బకెట్ రోగి దగ్గరికి రాకూడదు.

సున్నిపిండి, పీచు పక్కన పెట్టేయండి. ముసలి చర్మం కాగితంలా ఉంటుంది. డెట్టాల్ చుక్కలు రోజూ వేస్తే చర్మం ఎండిపోవడం తప్ప లాభం లేదు. పౌడర్ మడతల్లో తడికి ముద్దకట్టి పుండు చేస్తుంది. ఇది నేను పూసి నేర్చుకున్న పాఠం. స్నానం కాగానే, ఒళ్ళు కాస్త చెమ్మగా ఉన్నప్పుడే కొబ్బరినూనె పల్చగా రాస్తే చాలు. వేళ్ళ సందుల్లో రాయకండి. అరికాళ్ళకి రాసి నిలబెట్టారంటే జారడం ఖాయం.

తలస్నానానికి నవారు మంచం కుదరకపోతే, మంచం అంచుకి తల తెచ్చి, భుజాల కింద దిండు పెట్టి, ప్లాస్టిక్ షీటు అంచులు చుట్టి కాలువలా చేసి కింద బకెట్లోకి వదలండి. కుంకుడురసం పడుకున్నవాళ్ళ కళ్ళలోకి తేలిగ్గా దిగుతుంది. పిల్లల షాంపూ వాడుకోండి.

రోజూ నిండా స్నానం కావాలా అంటే అక్కర్లేదు. వారానికి రెండు మూడు సార్లు చాలు. ముఖం, చేతులు, చంకలు, తొడల మధ్య మాత్రం రోజూ తుడవాలి. పక్క పాడైతే ఆ క్షణమే. పూజ చేసుకునే అలవాటున్న పెద్దవాళ్ళు రోజూ స్నానం లేకపోతే దీపం పెట్టనంటారు. వాళ్ళతో వాదించకండి, ముఖం కాళ్ళు కడిగి, చీర మార్చి, దేవుడి గది వైపు కూర్చోబెట్టండి.

ఎవరు పోయాలి?

మన జిల్లాల్లో ఇది పెద్ద ప్రశ్న. మగపిల్లలు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో పనికి పోయి ఉంటారు, వేటకి వెళ్ళే ఇళ్ళలోనైతే గుజరాత్ వేరావల్‌లో. ఇంట్లో కోడలో, ముసలి భార్యో మిగులుతారు. మావగారికి కోడలు నీళ్ళు పోయాలంటే ఇద్దరికీ నరకమే. నేను చూసిన వాటిలో పనిచేసే దారి ఇది: వీపు, కాళ్ళు, చేతులు కోడలు తుడుస్తుంది. లుంగీ తడిసినా విప్పకుండా, సబ్బు రాసిన గుడ్డ ఆయన బలమైన చేతికిచ్చి, ఆవిడ మొహం తిప్పుకుంటుంది. మిగతాది ఆయనే చేసుకుంటారు. చేసుకోలేకపోతే ఆ భాగానికి మాత్రం ఒక మగమనిషిని కుదుర్చుకోండి, రోజుకి పావుగంట పని. ఆడవాళ్ళకైతే చెరువు దగ్గర స్నానం చేసినట్టు పావడా గుండెల దాకా కట్టి దాని మీదే నీళ్ళు పోయండి. కొడుకు తల్లికి చేయాల్సి వచ్చినప్పుడు కూడా ఈ పావడాయే సగం ఇబ్బంది తీరుస్తుంది.

జీతానికి ఆయాను పెట్టుకుంటే మొదటి వారం మీరూ పక్కనుండండి. నేనైతే పనితనం కంటే ముందు, తుడిచేటప్పుడు మనిషితో మాట్లాడుతోందా, ఫోన్‌లో మాట్లాడుతోందా అన్నది చూస్తాను. ముట్టుకునే ముందు “చెయ్యి ఎత్తుతున్నానమ్మా” అని చెప్పే ఆయా దొరికితే వదులుకోకండి.

బట్టల దగ్గర ఒక్క మాట. పక్షవాతం ఉన్నవాళ్ళకి విప్పేటప్పుడు బలమైన చేయి ముందు, తొడిగేటప్పుడు పడిపోయిన చేయి ముందు. ముందు బొత్తాలున్న నైటీ, వదులు చొక్కా మేలు.

డయాలసిస్ చేయించుకునేవాళ్ళకి

కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ప్రతి ఊళ్ళోనూ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు కనబడతారు కాబట్టి ఇది విడిగా చెప్పాలి. మెడ దగ్గర డయాలసిస్ గొట్టం ఉంటే అది తడవకూడదు. గొట్టంలోంచి ఇన్ఫెక్షన్ తిన్నగా రక్తంలోకే పోతుంది. వాళ్ళకి నవారు మంచం, తల మీద నీళ్ళు రెండూ వద్దు. కుర్చీలో కూర్చోబెట్టి నడుము కింద నీళ్ళు పోసి, పైన తడిగుడ్డతో తుడవడమే. చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉంటే ఆ చేయి సబ్బుతో కడగొచ్చు, డయాలసిస్‌కి వెళ్ళేముందు కడగాలి కూడా. కానీ ఆ చేతిని పట్టుకుని లేపకూడదు, దానికి తాడు గానీ బిగుతు బట్ట గానీ కట్టకూడదు. ముట్టుకుంటే ఝుమ్మని కదలిక తెలియాలి, తెలియకపోతే వెంటనే డయాలసిస్ సెంటర్‌కి ఫోన్ చేయాలి. ఒంటి దురద ఎక్కువని వేడినీళ్ళు అడుగుతారు. వేడికి చర్మం ఇంకా ఎండి దురద పెరుగుతుంది. డయాలసిస్ అయి ఇంటికొచ్చిన పూట కళ్ళు తిరుగుతుంటాయి, సూదులు తీసిన చోట కట్టు ఉంటుంది. స్నానం మర్నాటికే.

ఖర్చు సంగతి

పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎన్టీఆర్ భరోసా కింద 2024 జూలై నుంచి నెలకి 15,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. మామూలు వృద్ధాప్య పింఛను 4,000. మంచాన పడ్డా ఇంకా 4,000 దగ్గరే ఉండిపోయినవాళ్ళు మన ఊళ్ళలో ఉంటారు. డాక్టరు కాగితాలు పట్టుకుని మీ ఊరి సచివాలయంలో అడగండి. కేంద్రం 2017లో మొదలుపెట్టిన వయోశ్రీ పథకంలో 60 దాటిన పేదవాళ్ళకి చేతికర్రలు, వీల్‌చెయిర్లు లాంటివి క్యాంపులు పెట్టి ఉచితంగా ఇస్తారు. మీ మండలానికి క్యాంపు ఎప్పుడో కనుక్కోండి.

ఉన్న డబ్బు కొంచెమే అయితే నా లెక్కలో వరస ఇలా ఉంటుంది. ముందు రబ్బరు షీటు, మూడు మెత్తని గుడ్డలు, గోడకి బోల్టు కడ్డీ. తర్వాత కుర్చీ. హ్యాండ్ షవర్ ఆ తర్వాత. తల కడిగే గాలి బేసిన్ లాంటివి ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి కొనకండి, ప్లాస్టిక్ షీటుతో అదే పని అవుతుంది.

మా ఇంట్లో ఇప్పుడు బుధవారం కుర్చీ, ఆదివారం మా ఆయన, మరిది, పక్కింటి అబ్బాయి ఉన్నప్పుడు నవారు మంచం, మిగతా రోజులు తడిగుడ్డ. అన్నం తిన్నాక గంట దాకా ఏదీ లేదు. జ్వరమున్నా, ఆయాసమున్నా, గుండెల్లో నొప్పి అన్నా, పొద్దున్న నుంచీ మత్తుగా ఉన్నా ముందు డాక్టరుకి చెప్తాం, బకెట్ ముట్టుకోం. ఒట్టి నీరసమే అయితే ముఖం, చంకలు, తొడల మధ్య తుడిచి పడుకోబెట్టేస్తాను. నీళ్ళు రేపు పోయొచ్చు.